ట్యూబా మెరుపు చూసి కాదు, మరమ్మతు చూసి కొనండి



మన ఆశ్రమ పాఠశాలలకీ గురుకులాలకీ బ్యాండు ఇస్తామంటే మేం వద్దనం. ఆగస్టు 15న మన పిల్లలు బ్యాండు వాయిస్తూ నడిస్తే మాకూ గర్వమే. మా గొడవంతా కొనే పద్ధతి మీదే. మూడు కొటేషన్లు తెప్పిస్తారు, అన్నిట్లో తక్కువ ధరకి సంతకం పెడతారు, ఫోటో దిగుతారు. ఏడాది తిరక్కుండానే పెద్ద వాయిద్యం స్టోర్ రూంలో మూలకి చేరుతుంది. అప్పుడు మన చెవిన పడే మాట ఒక్కటే: "ఈ పిల్లలకి జాగ్రత్త తెలీదు."

ఈ మాట మేం ఒప్పుకోం.

ట్యూబా 1835లో బెర్లిన్‌లో మిలిటరీ బ్యాండు కోసం పుట్టింది. బ్యాండు మొత్తానికి అడుగు స్వరం అదే. బీ-ఫ్లాట్ ట్యూబా చుట్టలన్నీ విప్పితే గొట్టం దాదాపు 18 అడుగులు. పెద్ద సైజుదైతే బరువు పది కిలోల దగ్గర ఉంటుంది. దాన్ని ఎనిమిదో తరగతి పిల్లాడు మోస్తూ తిరగాలి. పల్చటి రేకుతో చేసినదైతే ఒక్కసారి గుమ్మానికి తగిలినా సొట్టే. అది పిల్లాడి తప్పా, పల్చటి రేకు కొన్నవాళ్ల తప్పా?

కొనే సార్లకి మేం చెప్పేది ఇదీ.

వాల్వులు పిస్టన్‌వి తీసుకోండి. పిల్లలే విప్పి, తుడిచి, ఆయిల్ వేసి, నంబరు చూసి మళ్లీ పెట్టుకోవచ్చు. రోటరీవి మంచివే, కానీ విప్పాలంటే చెయ్యి తిరిగిన మెకానిక్ కావాలి. ఏజెన్సీలో అతన్ని ఎక్కడ వెతకాలి? పిస్టన్లు స్టెయిన్‌లెస్ స్టీల్‌వో మోనెల్‌వో అయితే తొందరగా అరగవు.

నేలకి ఆనే అడుగు వంపుకి రక్షణ రేకు ఉందా చూడండి. గట్టి పెట్టె లేకుండా ట్యూబా తీసుకోవద్దు. స్పేర్లు ఎవరిస్తారు, రిపేరు ఎక్కడ చేస్తారు అన్నది కాగితం మీద రాయించుకోండి. మీరట్‌లో చేసినా విదేశంలో చేసినా ఇదే షరతు.

"బడ్జెట్ లేదు" అంటారు. అయితే చిన్న సైజు, మూడు వాల్వులది కొనండి. పిల్లల ఒంటికీ అదే సరిపోతుంది. చవక కొత్తదానికన్నా, తెలిసినవాళ్లు వాయించి చూసి ఎంచిన మంచి పాతదే మేలు. ఏటా కొత్తది కొనే డబ్బు ఉంటే, ఏటా సర్వీసింగ్‌కి ఎందుకు ఉండదు?

ఇంకోటి. వాయిద్యాన్ని తాళం వేసి దాచడం జాగ్రత్త అనుకుంటున్నారు. నెలల తరబడి ముట్టుకోకపోతే పిస్టన్లు బిగుసుకుపోతాయి, స్లైడ్లు పట్టేస్తాయి. అప్పుడు బలంగా లాగితే అతుకులు ఊడతాయి. ఆ తాళంచెవి బ్యాండు పిల్లలకి ఇవ్వండి.

జాగ్రత్త మాకు నేర్పక్కర్లేదు. మన ఇళ్లలో డోలు చూడండి. తోలు పోతే తోలు మారుస్తాం, తాడు వదులైతే బిగిస్తాం. డోలు మాత్రం తాత నుంచి మనవడికి వస్తుంది. పాడైతే మన చేతుల్లో బాగుపడేదాన్నే మనం మన్నికైనదంటాం. ట్యూబాని కూడా ఆ లెక్కనే కొనమంటున్నాం.

కొనుగోలు కమిటీలో బ్యాండు పిల్లలు ఇద్దరు, మ్యూజిక్ సారు కూర్చోవాలి. వాయించి చూశాకే బిల్లు పాస్ కావాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ పోస్టు మీ హెచ్‌ఎం సారుకి చూపించండి. మన పిల్లల మీద నింద వేసేముందు బిల్లు చూపించమని అడగండి.