చేతికి తెలియని తుపాకీ

కొత్తపట్నం అనగానే నాకు సముద్రం కన్నా ముందు 1937 స్ఫురిస్తుంది. ఆ యేడు అక్కడి రాజకీయ పాఠశాలను ప్రభుత్వం నిషేధించింది. విద్యార్థులపై పోలీసు లాఠీలు విరుచుకుపడ్డాయి. లాఠీ గాయం ఎప్పటికైనా మానవచ్చు. వదిలిన తూటా వెనక్కి రాదు. అందుకే పోలీసుల నడుముకు కొత్త పిస్తోలు వచ్చిందంటే "ఎంత ఆధునికం!" అనడానికి ముందు "ఎంత అభ్యాసం?" అని అడగాలనిపిస్తుంది.

మంచి ఆయుధం వద్దనను. 2008 ముంబయి దాడుల్లో తుకారాం ఓంబ్లే లాఠీతోనే కసబ్‌కు ఎదురు నిలిచి ప్రాణమర్పించారు. ఆ ఋణం మరువరానిది.

అయితే పాత రివాల్వరులో 6 తూటాలు. చక్రం తెరిస్తే ఎన్ని మిగిలాయో కంటికే తెలుస్తుంది. ఆస్ట్రియాలో పుట్టిన గ్లాక్ 17లో మ్యాగజీనుకు 17. మ్యాగజీను ఊడదీసినా లోపల ఒక తూటా మిగిలి ఉండవచ్చు. వేరుగా సేఫ్టీ మీట ఉండదు. ట్రిగ్గరు మీద వేలి క్రమశిక్షణే ప్రధాన రక్షణ. శుభ్రపరచడానికి విప్పాలన్నా ముందు ట్రిగ్గరు నొక్కాల్సిందే. ఖాళీ అనుకున్న తుపాకీ పేలే ప్రమాదం సరిగ్గా అక్కడే ఉంది.

ఇరవై యేళ్ళు రివాల్వరు మోసిన చేయి ఒక్క పూట పాఠంతో మారదు. ఆయుధం కొనే పద్దులోనే అభ్యాసానికి తూటాలు కూడా లెక్కగట్టాలి. కొత్తదానితో పరీక్ష నెగ్గేదాకా నడుమున పాతదే ఉండాలి. గురి తప్పితే బలయ్యేది బజారులో నిలుచున్న మనబోటివాళ్ళమే కదా! మీరేమంటారు?