లీకు ఆగింది, చేపలు పోయాయి

సెలవుల్లో ఇంటికెళ్తే మా రెండడుగుల అక్వేరియం మూల నుంచి నీళ్లు కారుతున్నాయి. "ఇంజినీరింగ్ చదువుతున్నావ్, ఇది బాగుచెయ్యలేవా?" అంది అమ్మ. బయట నుంచి సిలికాన్ రాశాను. మర్నాడే మళ్లీ చెమ్మ.

పాత సిలికాన్ మీద కొత్తది సరిగా అంటుకోదని అప్పుడు తెలిసింది. చెల్లి గోల్డ్‌ఫిష్‌లు మూడింటినీ టబ్బులోకి మార్చి, తొట్టి ఖాళీ చేశా. లోపలి పాత సిలికాన్ బ్లేడుతో గీకేసి, స్పిరిట్‌తో తుడిచి, అక్వేరియం సిలికాన్ పట్టించి రెండు రోజులు ఆరనిచ్చా. ఈసారి చుక్క కారలేదు. ఆ ఊపులో జిగురుగా ఉన్న ఫిల్టర్ స్పాంజిని కూడా కుళాయి కింద తళతళా కడిగేశా.

వారంలో రెండు చేపలు చచ్చిపోయాయి. చెల్లి నాతో మాట్లాడటం మానేసింది.

చేపల వ్యర్థాల నుంచి అమ్మోనియా పుడుతుంది. అది వాటికి విషం. దాన్ని నైట్రైట్‌గా, ఆపై అంత హాని లేని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఆ జిగురులోనే ఉంటుంది. కుళాయి నీళ్లలోని క్లోరిన్ దాన్ని చంపేసింది. మళ్లీ పెరగాలంటే నాలుగు నుంచి ఆరు వారాలు. ఆ స్పాంజిని టబ్బులో చేపలతోపాటే నడిపి ఉంటే సరిపోయేది. కడగాల్సి వచ్చినా తొట్టిలో నీళ్లతోనే పిండాలి.

మనం రిపేరంటే పాడైంది బాగుచెయ్యడమే అనుకుంటాం. బాగా పనిచేస్తున్నది ఏమిటో ముందు తెలుసుకుని, దాని జోలికి పోకపోవడం అందులో సగం పని అంటాను నేను. ఏ ల్యాబ్ రికార్డులోనూ ఈ మాట రాయలేదు. మిగిలిన ఆ ఒక్క చేప నేర్పింది.