ఆవును అమ్మే ముందు మన మేపు చూసుకుందాం



ఈమధ్య ఎవర్ని కదిలించినా ఒకటే మాట. "ఆవు పాలు తగ్గించేసింది, అమ్మేస్తా." అమ్మి ఇంకోటి తెస్తారు. నాలుగు నెలలకు అదీ అంతే. ఆవులు మారుతున్నాయి గానీ మేపే చెయ్యి మారట్లేదు. మన వైపు వేరుశనగ చేతికి రాని ఏడు ఇల్లు నడిచేది పాల బిల్లు మీదే. అందుకే కోపమొచ్చినా సరే, రాస్తున్నా.

ముందు నా తప్పే చెబుతా. పోయిన ఏడాది మా జెర్సీ ఆవు పూటకి ఆరు లీటర్లు ఇచ్చేది. ఇంకో రెండు లీటర్లకు ఆశపడి గడ్డి తగ్గించి, పూటకో బకెట్ నూకల జావ పెట్టా. మొదటి వారం పాలు పెరిగాయి. తర్వాత పేడ పలచబడింది, నెమరు తగ్గింది, మేత ముట్టలేదు. పాలు మూడు లీటర్లకు పడ్డాయి. వెన్న తగ్గి రేటూ పోయింది. నేనూ బేరగాణ్ణి పిలిచా. పశువుల డాక్టరు గారు చూసి, "ఆవు తప్పేం లేదయ్యా, నువ్వు పెట్టే జావే దీన్ని పాడుచేసింది" అన్నారు.

ఆవు గడ్డి నమిలి నెమరేస్తేనే లాలాజలం ఊరుతుంది. పొట్టలో పుట్టే పులుపును అదే విరుస్తుంది. గడ్డి తగ్గించి జావ, దాణా కుమ్మరిస్తే పులుపు పెరిగి ఒక్కోసారి పశువు ప్రాణమే పోతుంది.

లెక్క కష్టమేం కాదు. ఒంటి పోషణకు కిలో, కిలోన్నర దాణా. ఆపైన ప్రతి రెండున్నర లీటర్ల పాలకు ఒక కిలో. అంటే 10 లీటర్ల ఆవుకు ఐదు, ఐదున్నర కిలోలు. అదీ ఒకేసారి కాదు, మూడు నాలుగు సార్లు పంచి పెట్టాలి. పచ్చిగడ్డి, ఎండుగడ్డి రెండూ ఉండాలి. మేత మార్చాలంటే వారం పది రోజులు పట్టనివ్వండి.

పాలల్లో నూటికి 87 వంతులు నీళ్లే. రోజంతా కట్టేసి రెండుసార్లు కుడితి చూపిస్తే పాలెక్కడ్నుంచి వస్తాయి?

"గడ్డి కత్తిరించే మిషన్‌కు డబ్బులేవి?" అంటారు. నలుగురు కలిసి కొనండి. అదీ కాకపోతే, దాణా పంచి పెట్టడానికి, తొట్టిలో నీళ్లు నింపడానికి పైసా ఖర్చు లేదు. బద్ధకం వదిలితే చాలు.

మా ఆవు ఇంకా మా కొట్టంలోనే ఉంది. నెలన్నరకు ఐదు లీటర్లకు వచ్చింది, ఆరు రాలేదు. ఆ లీటరు నా అత్యాశకు పడ్డ జరిమానా. ఒక్క నెల మేపు మార్చి చూడండి. అప్పటికీ పాలు పెరగకపోతే నన్ను తిట్టండి, పడతా.