వడ్డీలేని బ్యాంకులు: లెక్కల బాధ్యత

వడ్డీ పుచ్చుకొనుట ఇస్లాము మతమున నిషిద్ధము. ఈ నిషేధమును మన్నించుచునే ఆధునిక వ్యాపారము నడుపవలెనను సంకల్పముతో 1975వ సంవత్సరమున దుబాయి ఇస్లామిక్ బ్యాంకు వెలసినది. పిదప పశ్చిమాసియాలోను, మలేషియా, పాకిస్తాను దేశములలోను ఇట్టి బ్యాంకులు విస్తరించినవి. వీని ధర్మాధర్మ విచారణ మతపండితులకు చెందినది. లెక్కల విచారణ మాత్రము సొమ్ము దాచుకొను ప్రతి గృహస్థునకును చెందినది.

ఈ బ్యాంకుల ఒప్పందములలో ముదారబా ముఖ్యమైనది. సొమ్ము మదుపుదారునిది, వ్యాపారము బ్యాంకుది. లాభము వచ్చినచో ముందు నిర్ణయించుకొన్న వంతున ఇరువురును పంచుకొందురు. నష్టము వచ్చినచో, బ్యాంకు అశ్రద్ధగాని ద్రోహముగాని లేనంతవరకు, మదుపుదారుడే భరింపవలెను. ఇది కొంతవరకు మన కోరుసేద్యమును బోలియున్నది. అయితే పొలము కోరుకిచ్చిన భూస్వామి కళ్లమునొద్ద రాశి కొలుచునపుడు దగ్గర నిలుచును. ఈ మదుపుదారునకు కళ్లములో చోటు లేదు. అతడు అప్పిచ్చినవాడు కాడు గనుక అసలు దక్కునను హామీ లేదు. వాటాదారుడు కాడు గనుక సభలో ఓటు లేదు. అతనికి మిగిలిన దిక్కు లెక్కల పుస్తకమొక్కటే.

ఈ బ్యాంకుల లెక్కలకు ఒక తీరు కల్పించుటకై 1990లో ఆల్జీర్సు నగరమున ఒడంబడిక జరిగి, 1991లో బహ్రెయిన్ కేంద్రముగా ఆవోఫీ అను ప్రమాణసంస్థ స్థిరపడినది. ఇట్టి మదుపులను అప్పులతోను, వాటాదారుల మూలధనముతోను కలుపక వేరుగా చూపవలెనని దాని విధి. బహ్రెయిన్ ఈ ప్రమాణములను తప్పనిసరి చేసినది. మలేషియా అంతర్జాతీయ ప్రమాణములనే ఈ బ్యాంకులకును వర్తింపజేసినది. కావున ఒకే తీరు వ్యాపారము రెండు దేశముల పుస్తకములలో రెండు రూపుల గన్పట్టవచ్చును.

మరియొక చిక్కు కలదు. మంచి యేటి లాభములో కొంత నిలువచేసి, చెడ్డయేట దానిని పంచి, ప్రతియేటను ఇంచుమించు సమానమైన ప్రతిఫలము ముట్టజెప్పు బ్యాంకులున్నవి. మదుపుదారుడు సంతసించును, దానితో నష్టభయమును మరచును. అట్టి నిలువలను వెల్లడింపవలెనని ఆవోఫీ చెప్పుచున్నది. చెప్పుట వేరు, శాసించుట వేరు.

మరపు ఎంత ప్రమాదకరమో తుర్కీ అనుభవము చాటుచున్నది. ఇహ్లాస్ ఫైనాన్స్ అను వడ్డీలేని సంస్థ అనుజ్ఞను 2001 ఫిబ్రవరిలో అచటి నియంత్రణ సంఘము రద్దుచేసినది. సొమ్ములో పెద్దభాగము సంస్థ యజమానుల ఇతర వ్యాపారములకే తరలినది. సాధారణ బ్యాంకుల డిపాజిట్లకున్న భీమా ఆ ఖాతాలకు లేదు. లక్షలమంది తమ సొమ్ముకొరకు ఏండ్లతరబడి వేచియుండిరి.

రెండు ప్రమాణములలో ఏది మేలో నిపుణులు తేల్చుకొందురు గాక. ఏ ప్రమాణమైనను మూడు సంగతులు చెప్పించి తీరవలెనని మా యభిప్రాయము: నిలువలకు పూర్వము అసలు లాభమెంత? నిలువచేసిన దెంత? యజమానుల స్వంత సంస్థలకు పోయిన దెంత? నష్టములో పాలు మోపినవారు లెక్కలో పాలు నిరాకరించుట న్యాయము గాదు.