యంత్రాల ముచ్చట్లు: తిత్తి కట్టుకున్న మోటారు సైకిలు

పిల్లలూ! కమ్మరి కొలిమి దగ్గర ఎప్పుడైనా నిలబడి చూశారా? తిత్తి నొక్కగానే, ఆరిపోబోయే నిప్పు కూడా భగ్గున రాజుకుంటుంది. కొలిమి అదే, బొగ్గులూ అవే. గాలి ఎక్కువయింది, అంతే!

మోటారు సైకిలు ఇంజను కూడా ఒక చిన్న కొలిమే. అందులో పెట్రోలు మండాలంటే గాలి కావాలి. మామూలు ఇంజను తాను పీల్చుకోగలిగినంత గాలితోనే సరిపెట్టుకుంటుంది. మరి దానికీ ఒక తిత్తి కడితే? ఆల్‌ఫ్రెడ్ బ్యూషీ అనే స్విట్జర్లండు ఇంజనీరుకు ఈ ఊహ వచ్చింది. 1905లో ఆయన దానికి పేటెంటు తీసుకున్నాడు.

ఈ తిత్తిని నొక్కడానికి మనిషి అక్కరలేదు. పొగగొట్టం గుండా వృథాగా పోయే వేడి వాయువులు ఒక చిన్న చక్రాన్ని గిరగిర తిప్పుతాయి. అదే ఇరుసుకు రెండో కొసన మరొక చక్రం ఉంటుంది. అది బయటి గాలిని లాగి, అదిమి, ఇంజనులోకి తోస్తుంది. దీనినే టర్బోచార్జరు అంటారు.

జపానులోని హోండా కంపెనీవారు 1982లో ఇటువంటి బండిని అమ్మకానికి తెచ్చారు. దాని పేరు సి.ఎక్స్. 500 టర్బో. టర్బో లేని సి.ఎక్స్. 500 శక్తి సుమారు 50 అశ్వశక్తులు. టర్బో బండి శక్తి 82! అయినా రెండు ఇంజన్ల పరిమాణమూ 497 ఘన సెంటీమీటర్లే. మరుసటి ఏడు హోండావారే 674 ఘన సెంటీమీటర్ల ఇంజనుతో 100 అశ్వశక్తుల బండి తెచ్చారు. యమహా, సుజుకి, కవాసాకి కంపెనీలవారు కూడా తలా ఒక టర్బో బండి చేశారు.

కాని ఈ బండ్లు బరువైనవి, ఖరీదైనవి. పైగా చక్రం వేగం అందుకునేదాకా బండి నింపాదిగా పోయి, తరవాత ఒక్కసారిగా ముందుకు దూకేది. అంత శక్తినీ పెద్ద ఇంజనుతో సులువుగా రాబట్టవచ్చు. అందుచేత కొద్ది ఏళ్ళలోనే అందరూ వాటిని మానేశారు. ఇప్పుడవి చాలా అరుదు.

అలాంటి బండి ఒకటి ఇరవై ఏళ్ళు ఏ కొట్టులోనో దుమ్ము కొట్టుకుపోయి ఉండి, మీ చేతికి వచ్చిందనుకోండి. ముందు ఏం చేస్తారు? "స్టార్టు చేసి చూస్తాం!" అంటారు. ఆగండి! ఆ ఒక్క పనీ చేయకూడదు.

టర్బో ఇరుసు జోరుమీద ఉన్నప్పుడు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. అది పలచని నూనె పొరమీద తేలుతూ తిరగాలి. బండి ఏళ్ళ తరబడి కదలకుండా ఉంటే నూనె జిగురయి, సన్నని దారులు పూడుకుపోతాయి. నూనె అందకుండా ఇరుసు తిరిగితే లోహాన్ని లోహం గీసుకుని పాడవుతుంది. అంగడికి పోయి మరొకటి కొనుక్కుందామంటే, అది సులభంగా దొరికే వస్తువు కాదు.

కాబట్టి తెలిసిన మెకానిక్కు ముందుగా పాత నూనె, పాత పెట్రోలు తీసేస్తాడు. ట్యాంకులో తుప్పు వదిలిస్తాడు. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు శుభ్రం చేస్తాడు. ఎండి బీటలువారిన రబ్బరు గొట్టాలు మారుస్తాడు. ఈ హోండా బండిలో కరెంటు పుట్టించే తీగచుట్ట ఇంజను వెనకభాగంలో ఉంటుంది. అది కాలిపోయి ఉంటే, ఇంజను మొత్తం దించవలసిందే! ఇవన్నీ అయ్యాక స్పార్కు ప్లగ్గులు ఊడదీసి, ఇంజనును ఊరికే తిప్పి, నూనె అంతటా పారేలా చేస్తాడు. ఆ తరవాతే నిప్పు ముట్టించడం.

ఇక బండిని మెరుగుపరచడం. మంచి బ్రేకులు, కొత్త టైర్లు వేయడం తెలివైన పని. కాని చాలామందికి, "గాలి ఇంకా ఎక్కువ తోస్తే ఇంకా శక్తి వస్తుంది గదా!" అనిపిస్తుంది. ఇక్కడే ప్రమాదమున్నది. గాలిని అదిమితే వేడెక్కుతుంది. ఆ వేడికి పెట్రోలు మిశ్రమం తనంతట తానే పేలి, పిస్టనుమీద సమ్మెటపోటు వేస్తుంది. పిస్టనుకు చిల్లు పడినా పడవచ్చు. ఈ సంగతి తెలిసే హోండావారు, మామూలు ఇంజను మిశ్రమాన్ని పదోవంతుకు అదిమితే, టర్బో ఇంజనులో ఏడోవంతుకు కాస్త ఎక్కువగా మాత్రమే అదమనిచ్చారు. ఒత్తిడి హద్దు మీరితే వాయువులు పక్కకు పోయేటందుకు ఒక చిన్న తలుపు కూడా పెట్టారు. ఆ తలుపును మూసి ఉంచితే, కాపలాదారు నోరు నొక్కినట్టే.

గాలిని చల్లబరిచే పరికరం అమర్చడం ఇంతకన్నా మేలు. ఏది అమర్చినా చట్రాన్ని కోయకుండా అమర్చి, పాత భాగాలను చీటీలు కట్టి దాచాలి. అప్పుడు రేపు మరొకరు బండిని మొదటి రూపానికి తేగలుగుతారు.

పరుగెత్తి వచ్చిన గుర్రాన్ని వెంటనే కట్టెయ్యరు, కాసేపు నడిపిస్తారు. టర్బో బండినీ అంతే. జోరుగా వచ్చాక, కాసేపు ఇంజనును నెమ్మదిగా తిరగనిచ్చి అప్పుడు ఆపాలి. లేకుంటే కాగిన ఇరుసు దగ్గర నూనె మాడి బొగ్గవుతుంది.

అదిమిన గాలి వేడెక్కుతుందంటే మీకు నమ్మకం కలగలేదా? ఈసారి సైకిలు టైరుకు గాలి కొట్టినప్పుడు, పంపు అడుగుభాగం మెల్లగా తాకి చూడండి!