ఈ నెల ముచ్చట: సున్న మింగిన యంత్రము

మన సంఘంలో యే యింటికి వెళ్ళినా బెంగుళూరులోనో పూణేలోనో సాఫ్ట్‌వేర్ పనిచేసే బిడ్డ వొకరుంటున్నారు. ఆ పని యేమిటని పెద్దలడిగితే "మీకు తెలియదులే" అంటారు. ఆ మాట మాకు నచ్చదు. గుమాస్తా పని యెరిగినవారికి అందులో కొంతయినా తెలిసి తీరుతుంది. ముఖ్యంగా తనిఖీ.

ప్రోగ్రాము వొకటి, దానికిచ్చే ఉత్తరువులు వేరొకటి. యే చిరునామాకు పోవాలి, యెంతసేపు ఆగాలి, యే వెర్షను వాడాలి అన్నవి విడిగా వొక ఫైలులో వ్రాసి పెడతారు. దానినే కాన్ఫిగరేషన్ ఫైలు అంటారు. పదిమంది కలిసి చేసే పనిలో దానిని పదిమందీ దిద్దుతారు. చిక్కంతా అక్కడనే.

ఇటువంటి ఫైళ్ళు వ్రాసే పద్ధతులలో యామెల్ అనేది వొకటి. చూడడానికి మనం పచారీ సామాన్ల జాబితా వ్రాసినట్లే వుంటుంది. కాని వరుస జరపడానికి ఖాళీలే వాడాలి. టాబ్ మీట నొక్కితే చెల్లదు. 2021లో పైథాన్ భాష 3.10 వెర్షను వచ్చింది. దానిని కొటేషను గుర్తులు లేకుండా వ్రాసినచోట యంత్రము దశాంశమనుకొని 3.1 చేసింది. సున్న కాస్తా మాయం! నార్వే దేశపు రెండక్షరాల గుర్తు ఎన్.ఓ. యామెల్ పాత పద్ధతిలో దానికి "కాదు" అని అర్థం. దేశాల జాబితాలో నార్వే వుండవలసిన చోట "అబద్ధం" వచ్చి కూర్చునేది. 2009లో వచ్చిన 1.2 పద్ధతి దీనిని సవరించినా, పాత పద్ధతినే పట్టుకున్న పనిముట్లు యింకా వున్నవి.

ఇవి మనిషి కంటికి ఆనవు. ఇరవయ్యో ఫైలు చేతికొచ్చే వేళకు యే హెడ్ గుమాస్తా అయినా సంతకం పెట్టి పంపేస్తాడు (పేర్లు చెప్పము). అందుకని తనిఖీ యంత్రానికే అప్పగించారు. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన గిట్‌లో, దిద్దుబాటు నమోదయ్యే ముందే నడిచే తనిఖీ పెట్టుకోవచ్చును. అయితే అది యెవరి యంత్రంలో వారు పెట్టుకునేది; తొందరపడేవాడు దాటవేయగలడు. కనుక ఉమ్మడి ప్రతిలో కలిపే గుమ్మం దగ్గర అదే తనిఖీ మళ్ళీ నడుపుతారు. వ్రాత సరిగా వున్నదా, వుండవలసిన గడులన్నీ వున్నవా, అంకె వుండవలసిన చోట అంకే వున్నదా అని చూచి, లేకుంటే కలవనీయరు.

కొత్తగా చేరిన పిల్లను పదిమందిలో యెవరూ గద్దించనక్కరలేకపోవడం మాకెంతో నచ్చింది. పన్నెండో వరుసలో టాబ్ వున్నదని యంత్రమే చెబుతుంది. దానికి కోపమూ లేదు, మొగమాటమూ లేదు. మేనేజరు వ్రాసినదీ ఆపుతుంది.

అలాగని నిశ్చింతగా వుండడానికీ లేదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికా కంపెనీ పంపిన వొక్క చిన్న ఫైలుతో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు పడిపోయినవి. విమానాలు ఆగినవి, ఆసుపత్రులు తడబడ్డవి. తనిఖీ లేక కాదు. తనిఖీ చేసే ప్రోగ్రాములోనే లోపమున్నది. ఫైలు 21 విలువలు అడుగుతుంటే అవతల అందించేది 20. అది గమనించక సరేనని పంపించింది. ఆ పిమ్మట ఆ కంపెనీ, అందరికీ వొక్కసారిగా పంపక విడతలుగా పంపే యేర్పాటు చేసుకున్నది.

ఈసారి పండుగకు పిల్లలు వచ్చినప్పుడు, మీ తనిఖీని తనిఖీ చేసేదెవరని అడిగి చూడండి. వారిచ్చిన జవాబు వ్రాసి పంపితే పై నెలలో వేస్తాము.