భయమేసినప్పుడు చెయ్యి ఏం చేస్తుంది?



హాస్టల్ మీటింగుల్లో ప్రతిసారీ ఒక తమ్ముడు లేచి అడుగుతాడు: "అన్నా, వాళ్లు కొడితే మనం తిరిగి కొట్టాలా, వద్దా?" ఇక గంటసేపు వాదన. అంబేడ్కర్, గాంధీ, మాల్కం ఎక్స్ అందరూ వస్తారు. దెబ్బ పడ్డప్పుడు ఎవరు ఎక్కడ నిలబడాలో మాత్రం ఎవరూ ఒక్కసారి చేసి చూడరు. నా పేచీ అక్కడ.

ప్రాణం మీదికొచ్చినప్పుడు ఒళ్లు మన సిద్ధాంతం అడగదు. గుండె దడదడలాడుతుంది, చూపు ఇరుకవుతుంది, పక్కవాడి కేక చెవికెక్కదు, వేళ్లు వణుకుతాయి. చెయ్యి తనకు అలవాటైన పనే చేస్తుంది. ఏ అలవాటూ లేకపోతే మనిషి కొయ్యబారిపోతాడు.

అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం, మన్రో అనే చిన్న ఊరు, 1957. నల్ల పిల్లల్ని మున్సిపల్ ఈతకొలనులోకి రానివ్వరు. (నీళ్ల దగ్గర గొడవ మనకు కొత్తా?) అడిగినందుకు డాక్టర్ ఆల్బర్ట్ పెర్రీ మీద కు క్లక్స్ క్లాన్ పగబట్టింది. మాజీ సైనికుడు రాబర్ట్ విలియమ్స్ తనలాంటి వాళ్లను కూడగట్టి రైఫిల్ క్లబ్ పెట్టాడు. పెర్రీ ఇంటి దగ్గర ఇసుక బస్తాలు పేర్చి రాత్రుళ్లు కాపలా కాశారు. అక్టోబరులో ఒక రాత్రి క్లాన్ కార్ల వరస కాల్పులు జరుపుతూ వచ్చింది. వీళ్లు తిరిగి కాల్చారు. వాళ్లు పరారు. ఆ తర్వాత ఊరి పాలకులు క్లాన్ కార్ల ఊరేగింపులకు కళ్లెం వేశారు. మనవాళ్లు దీన్ని తుపాకి కథగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఇసుక బస్తాలే కనబడతాయి.

అదే దేశంలో నాష్‌విల్ విద్యార్థులది పూర్తిగా వేరే దారి. 1959లో జేమ్స్ లాసన్ చర్చిలో క్లాసులు నడిపాడు. సగం మంది తెల్ల రౌడీల వేషం కట్టి తోటివాళ్లను తిట్టేవాళ్లు, తోసేవాళ్లు. మిగతావాళ్లు తల కాపాడుకుంటూ ముడుచుకోవడం, చెయ్యి ఎత్తకుండా ఓర్చుకోవడం సాధన చేసేవాళ్లు. 1960 ఫిబ్రవరి 27న లంచ్ కౌంటర్ల దగ్గర నిజంగానే కొట్టారు. పోలీసులు విద్యార్థులనే పట్టుకెళ్లారు. ఒక జట్టు పోతే ఇంకో జట్టు వచ్చి అవే స్టూళ్ల మీద కూర్చుంది.

మనకు ధైర్యం తక్కువని కాదు. 1985 జూలైలో కారంచేడు చెరువు దగ్గర మున్నంగి సువార్తమ్మ చేతిలోని బిందె ఎత్తింది. మర్నాడు గుంపులు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపాయి. ఆ నేరం చంపినవాళ్లది, కాపాడని రాజ్యానిది. అయినా రేపటి సంగతి మనమే చూసుకోవాలి.

తుపాకి లైసెన్సు మాట పక్కన పెట్టండి, అవి ఎవరిళ్లలో ఉంటాయో మీకు తెలుసు. ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లలో ఉంది. అవసరానికి మించి కొడితే మాత్రం ఆ హక్కు పోయి కేసు మన మెడకే చుట్టుకుంటుంది. ఎక్కడ ఆగాలో కోపంలో తట్టదు. అదీ ముందే సాధన చెయ్యాల్సిందే.

ఈ ఆదివారం మెస్ హాల్లో బల్లలు జరపండి. నలుగురు మీద పడాలి, ఇద్దరు చెల్లెళ్లను దాటించాలి, ఒకరు వీడియో తియ్యాలి, ఒకరు 112కి ఎలా చెయ్యాలో చూసుకోవాలి. నిజంగా కాల్ కలపొద్దు. ముందు రెండు అంతస్తులు పరిగెత్తి రండి, ఆయాసంలో, లైట్లు ఆర్పి, ఫోన్ లాక్ తియ్యండి. ఎన్ని సెకన్లు పట్టిందో రాసి పెట్టండి. వచ్చే భాగంలో ఆ లెక్కల నుంచే మొదలుపెడదాం.